కాంట్రాక్ట్‌లో సంతకం పెట్టాక కూడా ఆదివారం డ్యూటీ కాదనొచ్చా? (ఇంగ్లండ్, సూపర్‌మార్కెట్ ఉద్యోగం)

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతూ ఒక పెద్ద సూపర్‌మార్కెట్లో వారానికి 18 గంటలు చేస్తున్నారు. కాంట్రాక్ట్‌లో "వారంలో ఏ రోజైనా, ఆదివారంతో సహా" అని ఉంది, చూసే సంతకం పెట్టారు. తెనాలిలో ఉన్నన్నాళ్లూ ఒక్క ఆదివారం కూడా మందిరం తప్పలేదు, ఇక్కడికొచ్చి ఏడు నెలల్లో మూడుసార్లు మాత్రమే ఆరాధనకు వెళ్లగలిగారు. ఆదివారం వద్దని అడిగితే మేనేజర్ "సంతకం పెట్టావుగా, కుదరకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నాడు. "అన్నా, కాదంటే తీసేస్తారా? వీసాకి ఏమైనా అవుతుందా?"

సూటిగా చెప్తాను: కాదనొచ్చు. సంతకం పెట్టినా కాదనొచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో షాపులో పనిచేసే ఉద్యోగికి ఆదివారం పని మానుకునే హక్కు చట్టంలోనే ఉంది. కాంట్రాక్ట్‌లో దానికి విరుద్ధంగా ఏం రాసుకున్నా చెల్లదు. అందుకోసం మిమ్మల్ని తీసేస్తే అది దానంతటదే అన్యాయమైన తొలగింపు కింద లెక్క. మీరు చేరి ఏడు నెలలైందా, ఏడు రోజులైందా అన్నది కూడా చూడరు. వీసాకి ఏమీ కాదు. కాకపోతే రెండు మెలికలున్నాయి. ఒకటి, కాగితం మీద నోటీసు ఇచ్చి మామూలుగా మూడు నెలలు ఆగాలి, ఆ మూడు నెలలూ ఆదివారం డ్యూటీకి వెళ్లాలి. రెండు, పోయిన ఆదివారం గంటలకు బదులు వేరే రోజు గంటలు ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకి లేదు. అంటే జీతం తగ్గొచ్చు.

నా సంగతి ఒక్క ముక్కలో. 2006లో లూటన్ వచ్చాను. రాత్రిపూట షెల్ఫులు సర్దే పనితో మొదలుపెట్టి పదిహేడేళ్లు షాపుల్లోనే గడిపాను. అందులో తొమ్మిదేళ్లు మా స్టోర్‌లో యూనియన్ రెప్‌ని. లాయర్ని కాను. కానీ ఇలాంటి కాగితాలు ఇరవైకి పైగా దగ్గరుండి రాయించాను, వాటిలో రెండు మూడు చెడగొట్టాను కూడా.

ముందు ఆ కాగితం గురించి. మొత్తం బలం అంతా అందులోనే ఉంది, మేనేజర్‌తో వాదనలో లేదు. చట్టం దాన్ని ఆప్ట్ అవుట్ నోటీసు అంటుంది. దానికి కావలసినవి మూడే: రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం, తేదీ ఉండాలి, ఆదివారం పనికి అభ్యంతరం ఉందని చెప్పాలి. "ఐ ఆబ్జెక్ట్ టు సండే వర్కింగ్" అన్న సంగతి అందులో స్పష్టంగా పడాలి. నేను ఇంగ్లిష్‌లో రాయించేది, తెలుగులో చెప్పాలంటే, ఇంతే:

"ఫలానా మేనేజర్ గారికి, నేను ఈ స్టోర్‌లో షాప్ వర్కర్‌ని. ఆదివారం పని చేయడానికి నాకు అభ్యంతరం ఉంది. ఇది 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ ప్రకారం నేను ఇస్తున్న ఆప్ట్ అవుట్ నోటీసు. సంతకం, తేదీ, ఉద్యోగి నంబరు."

అంతే. కింద ఇంకో లైన్ రాయాలనిపిస్తుంది, రాయకండి.

దేవుణ్ణి ఆ చీటీలోకి లాగొద్దు. మీలాంటి భక్తి ఉన్నవాళ్లకి ఇది మింగుడుపడదని తెలుసు. మా స్టోర్ బేకరీ కౌంటర్లో నెల్లూరు అక్క ఒకామె ఉండేది. మంచి విశ్వాసి, సండే స్కూల్లో పిల్లలకు చెప్పేది. నాకు చెప్పకుండా తనే రెండు పేజీల ఉత్తరం రాసింది. నిర్గమకాండం నుంచి విశ్రాంతి దినం వచనాలు, వాళ్ల నాన్నగారి సాక్ష్యం, పాస్టర్ గారి ఫోన్ నంబరు, అన్నీ పెట్టింది. హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని మతపరమైన వినతిగా తీసుకున్నారు. మీటింగ్ పెట్టారు. మీ ఆరాధన ఎన్నింటికి? సాయంత్రం ఇంకో చర్చిలో వెళ్లొచ్చుగా? నెలకు రెండు ఆదివారాలు చాలవా? ఆమె ఏడుస్తూ బయటికొచ్చింది. తీరా నేను ఆ ఉత్తరం చూస్తే తేదీ లేదు, సంతకం లేదు, కింద "మీ సహోదరి" అని పేరు టైపు చేసి ఉంది. "అభ్యంతరం" అన్న మాటే లేదు, "దయచేసి ఆలోచించగలరు" అని ఉంది. మళ్లీ మూడు లైన్ల చీటీ రాయించాం. ఐదు వారాలు వృథా, మూడు నెలల లెక్క రెండో కాగితం నుంచే మొదలైంది.

చట్టం కారణం అడగదు, అదే ఇందులో ఉన్న అందం. ఇంకో ఏడాది కరీంనగర్ కుర్రాడొకడు ఇదే చీటీ ఇచ్చాడు. వాడికి గుడీ లేదు, చర్చీ లేదు. వేసవిలో ఆదివారం లీగ్ క్రికెట్ ఉంది, ఓపెనింగ్ బౌలర్ వాడే. డ్యూటీ మేనేజర్ నవ్వి "క్రికెట్ నీ మతమా" అన్నాడట. "అవునో కాదో చెప్పాల్సిన పని లేదు సార్" అన్నాడు వీడు. నిజంగానే లేదు. నెల్లూరు అక్కకూ వాడికీ దక్కిన హక్కు ఒకటే. కారణం చెప్పిన మరుక్షణం ఆ కారణం మీద బేరం మొదలవుతుంది. చెప్పకపోతే బేరానికి తావే లేదు.

ఇంత విడ్డూరమైన హక్కు ఎలా వచ్చిందో తెలిస్తే మేనేజర్ ముందు తడబడరు, అందుకే కొంచెం వెనక్కి వెళ్తాను. ఇక్కడ 1950 నాటి షాప్స్ యాక్ట్ ప్రకారం ఆదివారం చాలా షాపులు మూసెయ్యాలి, కొన్ని సరుకులకు మాత్రమే మినహాయింపు. ఆ జాబితా ఎంత తిక్కగా ఉండేదంటే, ఆదివారం భోజనం, ఫలహారం అమ్మొచ్చు, కానీ ఫిష్ అండ్ చిప్స్ కొట్టువాడు ఫిష్ అండ్ చిప్స్ అమ్మకూడదు! దీన్ని ఎత్తేద్దామని 1986లో థాచర్ ప్రభుత్వం బిల్లు తెచ్చింది. అంత మెజారిటీ ఉన్న ఆవిడే ఏప్రిల్ 14న 14 ఓట్ల తేడాతో ఓడిపోయింది. సొంత పార్టీ ఎంపీలే తిరగబడ్డారు. అప్పుడు ఒకవైపు చర్చిలు, ఇంకోవైపు షాపు కార్మికుల యూనియన్ కలిసి నిలబడ్డాయి. చర్చికి ఆరాధన కావాలి, యూనియన్‌కి ఆ ఒక్క రోజైనా ఇంట్లో అన్నం తినడం కావాలి. చివరికి 1994లో సండే ట్రేడింగ్ యాక్ట్ వచ్చినప్పుడు అది రాజీగానే వచ్చింది: షాపులు తెరుచుకోవచ్చు, కానీ పెద్దవి ఆరు గంటలే తెరవాలి, పైగా పనివాడు వద్దంటే బలవంతం ఉండకూడదు. ఆ వద్దనే హక్కు తర్వాత 1996 చట్టంలోకి వచ్చి చేరింది. అంటే షాపుకు ఆదివారం తలుపు తీసుకునే అనుమతీ, మీకు రానని చెప్పే అనుమతీ ఒకే బేరంలో పుట్టాయి. మేనేజర్ మీకేదో దయ చూపిస్తున్నట్టు మాట్లాడితే ఈ మాట గుర్తుంచుకోండి.

2016లో ఆదివారం వేళలు పెంచే అధికారం కౌన్సిళ్లకు ఇద్దామని ఇంకో ప్రయత్నం జరిగింది. మార్చి 9న 317కి 286 ఓట్లతో అదీ వీగిపోయింది. అందుకే ఈరోజుకీ 280 చదరపు మీటర్లు, అంటే సుమారు 3,000 చదరపు అడుగులు దాటిన షాపు ఆదివారం పొద్దున పదికీ సాయంత్రం ఆరుకీ మధ్య వరుసగా ఆరు గంటలే అమ్మకాలు చేయాలి. ఈస్టర్ ఆదివారం అసలు తెరవకూడదు. మీ స్టోర్‌లో చూసే ఉంటారు, పదిన్నరకు తలుపులు తీస్తారు, జనం బుట్టలు నింపుకుని టిల్ (బిల్లు కౌంటర్) దగ్గర నిలబడతారు, గడియారం పదకొండు కొట్టేదాకా ఒక్క బిస్కెట్ ప్యాకెట్ కూడా స్కాన్ చెయ్యరు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఆరు గంటల నియమం షాపు సైజును బట్టి. రానని చెప్పే హక్కు సైజును బట్టి కాదు. మూలమీదున్న ఇండియన్ గ్రోసరీలో పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా ఆదివారం తెరిచి ఉన్నా, అందులో ఉద్యోగిగా ఉన్నవాళ్లకి ఇదే హక్కు ఉంది. తెరిచే ముందు పొద్దున్నే సరుకు దించి సర్దేవాళ్లకీ వర్తిస్తుంది, షాపు ఆ రోజు తెరిచి ఉంటే చాలు. మంగలి షాపు, బ్యూటీ పార్లర్లో జుట్టు కత్తిరించేవాళ్లు కూడా చట్టం దృష్టిలో షాపు పనివాళ్లే. బెట్టింగ్ షాపులకూ ఉంది. (చేతికి డబ్బులిచ్చి, పే స్లిప్ లేకుండా పని చేయించుకునే చోట ఏ హక్కైనా నిరూపించుకోవడమే కష్టం. ఆ గోల వేరే.)

ఇప్పుడు నోటీసు ఇచ్చే తీరు. ఇది కాస్త దగ్గర నుంచి చెప్తాను, ఎందుకంటే పని చెడేది ఇక్కడే.

రెండు కాపీలు ప్రింట్ తీయండి, రెండింటి మీదా పెన్నుతో సంతకం, తేదీ. మెయిల్‌లో పంపితే చెల్లుతుందా అని అడగొద్దు, కాగితం ఉండగా ఆ తలనొప్పి ఎందుకు? మేనేజర్ ఆఫీసులో ఉన్నప్పుడు, రోటా (వారం డ్యూటీల పట్టిక) గొడవ లేని పూట చూసుకుని వెళ్లండి. ఒకటి ఆయనకిచ్చి, రెండోదాని మీద "అందింది" అని రాసి సంతకం పెట్టమనండి. నేను మొదటిసారి నా సొంత నోటీసు ఇచ్చినప్పుడు మా మేనేజర్ దాన్ని చదవకుండానే టీ కప్పు కింద పెట్టాడు. సంతకం పెట్టనన్నాడు. గోడ మీద ఆ వారం రోటా పిన్నులతో గుచ్చి ఉంది, నా పేరు ఎదురుగా ఆదివారం గడిలో 8-5 అని ఉంది. నేనేమీ మాట్లాడకుండా బయటికొచ్చి, మూడో కాపీ తీసి, సంతకం తీసుకుని డెలివరీ చేసే పోస్టులో స్టోర్ అడ్రసుకి, హెడ్డాఫీసు హెచ్‌ఆర్‌కి చెరొకటి పంపాను. ఆ పోస్టాఫీసు రసీదు ఇప్పటికీ ఫైల్లో ఉంది. వారం తర్వాత ఆయనే పిలిచి "ఇంత దూరం పోవాలా" అన్నాడు. అప్పటికి నోటీసు అందినట్టు రుజువు నా దగ్గరుంది, ఇక ఎంత దూరమైనా ఒకటే.

తర్వాతి మూడు నెలలు మానకండి. ఇదే మీకు నేను చెప్పే అతి ముఖ్యమైన మాట. మార్చి 10న ఇచ్చారనుకోండి, జూన్ 9తో మూడు నెలలు నిండుతాయి, ఆ తర్వాత వచ్చే ఆదివారం నుంచి మీది. అప్పటిదాకా కాంట్రాక్ట్‌లో ఉన్న ఆదివారాలు చేయాల్సిందే. నోటీసు ఇచ్చానన్న ధైర్యంతో రెండో వారం నుంచే రావడం మానేసిన అబ్బాయి ఒకడున్నాడు. చెప్పాపెట్టకుండా గైర్హాజరని మూడు హెచ్చరికలు ఇచ్చి తీసేశారు. వాడి పక్షాన నేనే కూర్చున్నాను, చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. అలాగని ఆ మూడు నెలల్లో మీకు రక్షణ లేదని కాదు. నోటీసు ఇచ్చినందుకు, ఆఖరికి ఇస్తానని చెప్పినందుకు తీసేసినా అది కూడా అన్యాయమైన తొలగింపే. నోటీసు ఇవ్వడానికి రక్షణ మొదటి రోజు నుంచి ఉంది, రాకపోవడానికి రక్షణ మూడు నెలల తర్వాత వస్తుంది. ఈ రెండూ కలిపేసుకుంటేనే ప్రమాదం.

మీకు ఇంకో చిన్న ఆశ కూడా ఉంది. కాంట్రాక్ట్ ప్రకారం ఆదివారం రావాల్సిన షాపు ఉద్యోగికి, చేరిన రెండు నెలల్లోపు "మీకు ఆదివారం మానుకునే హక్కు ఉంది, ఇలా నోటీసు ఇవ్వాలి" అని యజమానే ఒక వివరణ పత్రం ఇవ్వాలి. అందులో ఏ మాటలుండాలో కూడా చట్టమే రాసిపెట్టింది. అది ఇవ్వకపోతే మీ నోటీసు గడువు మూడు నెలలు కాదు, ఒక్క నెలే. పెద్ద కంపెనీలు సాధారణంగా జాయినింగ్ కాగితాల కట్టలోనో, హ్యాండ్‌బుక్ చివర్లోనో, ఇప్పుడైతే ఆన్‌లైన్ పోర్టల్లో ఎక్కడో పెట్టేస్తాయి. మనవాళ్లు టిక్ కొట్టి ముందుకెళ్లిపోతారు. చిన్న షాపుల్లో అసలు ఎవరూ ఇవ్వరు, ఓనర్‌కే తెలీదు. కాబట్టి చీటీ రాసేముందు ఆ కట్ట ఓసారి తిరగేయండి.

డబ్బు సంగతి. ఎవరూ చెప్పరు గానీ అసలు నొప్పి ఇక్కడే ఉంటుంది. మీ 18 గంటల్లో ఆదివారం ఆరు గంటలుంటే, అవి పోతే 12 మిగులుతాయి. మిగతా ఆరు వేరే రోజు ఇవ్వమని అడగొచ్చు, ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే ఫిర్యాదుకు ఆధారం లేదు. చేయని ఆదివారానికి జీతం ఇవ్వకపోవడం నష్టం కలిగించడం కిందకు రాదు. ఆదివారం వచ్చినవాళ్లకి ఎక్కువ ఇచ్చినా అంతే. (ఆదివారానికి ఎక్కువ కూలి ఇవ్వాలని చట్టమేమీ లేదు. ఇస్తే అది కంపెనీ దయ, కాంట్రాక్ట్ మాట.) కానీ ప్రమోషన్ ఆపడం, ట్రైనింగ్‌కి పంపకపోవడం, మిగతా రోజుల ఓవర్‌టైమ్‌లో మిమ్మల్ని మాత్రమే వదిలేయడం, కావాలని పాడు షిఫ్టులు వేయడం, ఇవి మీరు ఆదివారం రానన్నందుకే జరిగాయని చూపగలిగితే ట్రిబ్యునల్‌కి (ఉద్యోగ తగాదాల కోర్టుకి) వెళ్లొచ్చు. గంటల గురించి అడిగే ఉత్తరం విడిగా రాయండి. "ఆదివారం బదులు బుధవారం ఇస్తే" అని నోటీసులోనే రాస్తే అది నోటీసు కాదు, విన్నపం అయిపోతుంది.

నా కథ చెప్పాలంటే, 2011లో మా పాప పుట్టిన ఏడాది ఆదివారాలు మానేశాను. అప్పట్లో మా స్టోర్‌లో ఆదివారానికి ఒకటిన్నర రెట్లు ఇచ్చేవాళ్లు. నెలాఖరున ఆ లోటు పే స్లిప్‌లో ఎర్రగా కనపడేది. రెండేళ్లు లాగి, ఇల్లు కొన్నాక ఈఎంఐ భయానికి మళ్లీ ఆదివారం చేస్తానని రాసిచ్చాను. దానికీ ఒక కాగితం ఉంటుంది, ఆప్ట్ ఇన్ నోటీసు. అది రాతలో ఇచ్చి, తర్వాత ఒప్పుకుంటేనే మీ హక్కు పోతుంది. మేనేజర్ "ఈ క్రిస్మస్ సీజన్ వరకే, ఇక్కడో సంతకం పెట్టు" అంటే ఆ కాగితం ఏమిటో పూర్తిగా చదవండి. మళ్లీ మానాలంటే మళ్లీ నోటీసు, మళ్లీ మూడు నెలలు. నాకు ఆ రెండోసారి నోటీసు ఇచ్చే ధైర్యం రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

వీసా సంగతికొస్తే, మీ స్పాన్సర్ యూనివర్సిటీ, షాపు కాదు. షాపువాళ్లు తీసేసినా మీ స్టూడెంట్ వీసాకి నష్టం లేదు. కానీ ఇందులో ఒక గుంత ఉంది, తెలివైన పిల్లలే పడిపోతున్నారు. క్లాసులు జరిగే రోజుల్లో మీ పరిమితి వారానికి 20 గంటలు, ఆ వారం సోమవారంతో మొదలై ఆదివారంతో ముగుస్తుంది. మేనేజర్ మంచివాడై "సరే, ఈ ఆదివారం ఆరు గంటలు రేపు సోమవారం చేసెయ్" అన్నాడనుకోండి. అవి వచ్చే వారం లెక్కలో పడతాయి. అప్పటికే ఆ వారం 18 వేసి ఉంటే మొత్తం 24. సగటు తీస్తే సరిపోతుందిగా అంటే హోమ్ ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) సగటు చూడదు, ఏ వారానికి ఆ వారమే. ఇది మాత్రం వీసాకి నిజంగా తగిలే దెబ్బ. కాబట్టి బదులు గంటలు తీసుకుంటే ఆ ఆదివారానికి ముందున్న సోమవారం నుంచి శనివారం లోపలే తీసుకోండి, రోటా మారిన ప్రతిసారీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఎవరికి ఈ హక్కు లేదో కూడా చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఇంకొకరు తప్పు చేస్తారు. ఆదివారం ఒక్కరోజుకే పెట్టుకున్న ఉద్యోగికి లేదు (శని, ఆది రెండూ ఉంటే ఉంది). రెస్టారెంట్, పబ్, టేక్‌అవే, అంటే అక్కడే తినేవి, అప్పటికప్పుడు వండి ఇచ్చేవి షాపుల లెక్కలోకి రావు. వేర్‌హౌస్, డెలివరీ, హాస్పిటల్, కేర్ హోమ్, ఆఫీసు, వీటికీ లేదు. ఏజెన్సీ తరఫున వచ్చి షాపులో నిలబడే సెక్యూరిటీ వాళ్లు, జీరో అవర్స్ (ఇన్ని గంటలిస్తామన్న హామీ లేని) వాళ్లు "ఉద్యోగి" అన్న నిర్వచనంలోకి వస్తారా అన్నది కాగితాలు చూస్తే గానీ చెప్పలేం.

కేర్ హోమ్‌లో ఉన్న మనవాళ్ల నుంచే నాకు ఎక్కువ ఫోన్లు వస్తాయి, అందుకే వాళ్ల కోసం నాలుగు మాటలు. వాళ్లకి ఉన్న దారి 2010 ఈక్వాలిటీ యాక్ట్ మాత్రమే. అక్కడ తంతు తలకిందులు: కారణం చెప్పాలి, మతవిశ్వాసమే అని చెప్పాలి, అయినా యజమాని "మా పనికి ఇది తప్పనిసరి, ఇంతకంటే దారి లేదు" అని చూపిస్తే మీరు ఓడిపోతారు. 2013లో లండన్ మెర్టన్ కౌన్సిల్ పిల్లల సంరక్షణ గృహంలో పనిచేసిన క్రైస్తవ ఉద్యోగిని కేసు అలాగే పోయింది. మొదట దాదాపు రెండేళ్లు ఆమెకు ఆదివారాలు సర్దుబాటు చేశారు, తర్వాత కుదరదన్నారు. ఆదివారం మానడం క్రైస్తవంలో ఎంత ముఖ్యమో తూకం వెయ్యడం కింది ట్రిబ్యునల్ పని కాదని అప్పీలు కోర్టు జడ్జీలు అన్నారు గానీ, పిల్లలకు ఏడు రోజులూ మనిషి కావాలి కాబట్టి కౌన్సిల్ చేసింది సబబే అని తేల్చారు. అంతకుముందు 2005లో నార్ఫోక్‌లో ఒక ఇసుక క్వారీ కార్మికుడూ ఇలాగే ఓడిపోయాడు. కాబట్టి కేర్ వీసా మీద ఉన్నవాళ్లు, స్పాన్సర్‌షిప్ పోతే సాధారణంగా 60 రోజులే చేతిలో ఉంటాయి కనుక, నా సూపర్‌మార్కెట్ చిట్కాలు పట్టుకుని ఎదురు తిరగొద్దు. ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుని షిఫ్టులు మార్చుకోవడం, నెలకు రెండు ఆదివారాలు రాతలో తీసుకోవడం, ఆచరణలో అయ్యే పని అదే. బాధగానే చెప్తున్నాను.

స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లకి: అక్కడ షాపు వేళల చట్టం లేదు, కానీ 2003లో చేసిన చట్టంతో ఈ మానుకునే హక్కు అక్కడి షాపు ఉద్యోగులకూ వచ్చింది. నార్తర్న్ ఐర్లండ్‌లో పెద్ద షాపులు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరు వరకే.

మీ ప్రశ్న కింద కామెంట్లో ఒకాయన "మన ఇండియాలో అయితే ఆదివారం సెలవు అందరికీ హక్కు" అని రాశారు. పూర్తిగా కాదు సార్. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం రాసిన పద్ధతి చూస్తే, ఆదివారం సెలవు అంటూనే, దానికి ముందు మూడు రోజుల్లోనో తర్వాత మూడు రోజుల్లోనో బదులు సెలవిస్తే ఆదివారం పని చేయించుకోవచ్చనేది. పది రోజులకు మించి వరసగా సెలవు లేకుండా పని చేయించకూడదనీ ఉండేది. అంటే అక్కడ హామీ వారానికో రోజుకి, ఆదివారానికి కాదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ మేఘాజీ లోఖండే పోరాడి 1890లో ఆదివారం సెలవు సాధించినప్పుడు, అది ఖండోబా దేవుడి రోజు కూడా అన్న మాట వాదనలో ఉందంటారు. ఇంగ్లిషు దొరల చర్చి రోజు, మరాఠీ కూలీల ఖండోబా రోజు ఒకటే కావడం ఎవరికి కలిసొచ్చిందో గానీ, సెలవు మాత్రం వచ్చింది.

నోటీసు గడువు దాటాక కూడా రోటాలో మీ పేరు ఆదివారం గడిలో వేస్తే కంగారు పడొద్దు. కొత్త రోటా సాఫ్ట్‌వేర్ కాంట్రాక్ట్ చూసి దానంతటదే వేసేస్తుంది, సగంసార్లు దురుద్దేశం ఉండదు. నోటీసు తేదీ చెప్తూ మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. మళ్లీ వేస్తే గ్రీవెన్స్, అంటే కంపెనీకే రాతలో ఫిర్యాదు, రాయండి. గైర్హాజరు కింద చర్య మొదలుపెడితే వెంటనే అకాస్‌కి (Acas, ఉద్యోగ తగాదాలు చూసే ప్రభుత్వ సంస్థ) ఫోన్ చేయండి, సలహా ఉచితం, ట్రిబ్యునల్‌కి వెళ్లాలన్నా ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాలి. జరిగిన రోజు నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ అనే గడువు మనసులో పెట్టుకునే కదలండి, ఇంకా టైముందిలే అని కూర్చోవద్దు. యూనియన్‌లో లేకపోతే చేరండి. షాపులవాళ్లకి అస్‌డా (USDAW) అనే యూనియన్ ఉంది, పార్ట్‌టైమ్ చేసేవాళ్లనూ తీసుకుంటారు. గొడవ వచ్చాక చేరితే పాత గొడవకి సాయం దొరకడం కష్టం, అందుకే ఈ వారమే.

మీ మేనేజర్ మాట మీద ఇంకొక్కటి. "వేరేవాళ్లని చూసుకుంటాం" అని నోటితో అన్నది ఏ రోజు, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు, ఇప్పుడే ఫోన్లో రాసుకోండి. ఆయన చెడ్డవాడు కాకపోవచ్చు, ఆయన మీద ఏరియా మేనేజర్ ఒత్తిడి ఉంటుంది, చాలామంది మేనేజర్లకు ఈ చట్టం ఉన్నట్టే తెలియదు. నేను చూసిన ఇరవైలో పదిహేనుమందికి పైగా కాగితం చూడగానే హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి, మర్నాడు "సరే" అన్నవాళ్లే.

ఇవాళ రాత్రికి మీ జాయినింగ్ మెయిళ్లు, పోర్టల్‌లో సంతకం పెట్టిన కాగితాలు అన్నీ తెరిచి, ఆదివారం హక్కు గురించిన ఆ వివరణ పత్రం ఉందో లేదో, ఉంటే ఏ తేదీతో ఉందో చూసి ఇక్కడ రాయండి. మీ మొదటి ఖాళీ ఆదివారం ఏదో అప్పుడు లెక్కేసి చెప్తాను.